కుర్చీల బాబాయి కూర్చున్న సాయంత్రం

నగరం ఒళ్లు విరుచుకుని కాళ్లు బారజాపుకున్న చోట, ఆ కాళ్ల చివర వేళ్లలాగా నాలుగైదు వీధులున్న కాలనీ అది. అక్కడ ఎవరింట ఏ సందడి జరిగినా మనుషులకంటే ముందు కుర్చీలు చేరతాయి. కుర్చీలకంటే ముందు కుర్చీల బాబాయి చేరతాడు. పసిపిల్లలూ ఆయన్ని బాబాయనే పిలుస్తారు, వాళ్ల నాన్నలూ బాబాయనే పిలుస్తారు, పళ్లూడిన తాతలూ బాబాయనే పిలుస్తారు. వరసలు కలపబోతే మతి పోతుంది కాబట్టి ఎవరూ ఆ పని పెట్టుకోలేదు.

బాబాయి ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చుని కప్పు దాకా దొంతరలుగా ఉంటాయి. ఎండాకాలంలో ఆ షెడ్డు తలుపు తీస్తే అన్నీ ఒక్కసారి నిట్టూర్చినట్టు చప్పుడవుతుంది. కుర్చీలు అద్దెకిచ్చేవాళ్లు నగరంలో బోలెడుమంది ఉన్నారు. బాబాయి గొప్పతనం కుర్చీలు ఉండటంలో కాదు, వాటిని వెయ్యడంలో ఉంది. ముఖ్యంగా పార్టీల సభలకి.

ఏ పార్టీ నాయకుడైనా సరే, సభ పెట్టాలంటే ముందు ఆయన గుమ్మం ఎక్కాల్సిందే.

"బాబాయ్, వెయ్యిమందికి వెయ్యాలి."

"అంతమందీ వస్తారా?"

"వస్తారు. ఖాయం."

"అయితే అందులో సగం చాలు."

"అదేంటి బాబాయ్, మిగతా సగం నిలబడాలా?"

"నిలబడాలి. కూర్చున్నవాడు వినేవాడు. నిలబడ్డవాడే జనం. నీకు వినేవాళ్లు కావాలా, జనం కావాలా?"

నాయకులెవరూ మొదటిది కోరుకున్న దాఖలా లేదు. అందుకని బాబాయి సగం కుర్చీలు వేసేవాడు. వరసకీ వరసకీ మధ్య మనిషి కాళ్లు చాపుకుని ఇంకో మనిషితో తగాదా పెట్టుకునేంత ఖాళీ వదిలేవాడు. నాయకుడు కారు దిగే సమయానికి మైదానం వెనక నుంచి గొంతు చించుకుని అరిచేవాడు: "కుర్చీలు చాలట్లేదు! ఇంకో వ్యాను తోలుకురండర్రా!" ఆ వ్యానులో చాలాసార్లు కుర్చీలే ఉండేవి కావు. ఆ కేక వింటే చాలు, ఇళ్లలో పడుకున్నవాళ్లు కూడా అక్కడేదో జరిగిపోతోందని చెప్పులేసుకునేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి సభకి పట్టుమని పాతికమంది రాకపోయినా, బాబాయి చేతి చలవ వల్ల మర్నాడు పేపర్లో జనసంద్రం అని పడిందనీ, ఆ సంద్రంలో దారి తప్పిన పెద్దమనిషి రెండు వీధుల అవతల తేలాడనీ కాలనీలో చెప్పుకుంటారు. అబద్ధమని ఎవరూ అనరు. తేలిన వీధి ఏదన్న దాని మీదే తగాదా.

ఇంతమందికి కుర్చీలు వేసిన బాబాయి తను మాత్రం ఏ సభలోనూ కూర్చోలేదు. కుర్రతనంలో ఒకసారి కాళ్లు నొప్పెట్టి ఒక పార్టీ సభలో చివరి వరసలో కాసేపు చతికిలబడ్డాడు. "ఓహో, నువ్వు వాళ్ల మనిషివా" అని రెండో పార్టీ వాళ్లు ఆ ఎన్నికలంతా పక్క పేట నుంచి కుర్చీలు తెప్పించుకున్నారు. అంతే, మళ్లీ ఏ సభలోనూ ఆయన నడుం వంగలేదు. వాన కురిసినా, మూడు గంటల ఉపన్యాసం సాగినా, స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. అలా ఆనుకునీ ఆనుకునీ మైదానం మూల ఉన్న దీపస్తంభం ఒక పక్కకి ఒరిగిందని వ్యాను డ్రైవరు ఒట్టేసి చెబుతాడు.

ఇంటి సంగతి వేరు. ఇంట్లో మిషను పిన్ని ఉంది.

బాబాయి భార్యకి ఆ పేరు కుట్టుమిషను వల్ల వచ్చింది. వీధి గదిలో కిటికీ పక్కన మిషను, దాని మీద స్కూలు యూనిఫారాల గుట్ట, గోడకి కొలతల టేపు. కాలనీలో ఏ పిల్లవాడు ఎంత పొడుగు ఎదిగాడో తల్లికంటే ముందు పిన్నికి తెలుస్తుంది. ఆవిడ నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి. వాటిని పెదాలతో బిగించి పట్టుకునే అన్ని మాటలూ మాట్లాడుతుంది. కొత్తవాళ్లకి అర్థం కాదు. పాతవాళ్లకి సూదులు తీసేస్తే అర్థం కాదు.

పిన్ని పార్టీ మనిషి. నిన్నా మొన్నా చేరింది కాదు. ఆ పార్టీకి కాలనీలో జెండా కర్ర కూడా లేని రోజుల్లో తన మిషను మీదే జెండాలు కుట్టింది. పిండి ఉడకబెట్టి జిగురు చేసి గోడలకి కాగితాలు అంటించింది. ఏ ఇంటి కాలింగ్ బెల్లు నొక్కితే షాకు కొడుతుందో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటాయన తలుపు తీయకుండా లోపల ఊపిరి బిగబట్టి నిలబడతాడో ఆవిడకి కంఠతా వచ్చు. పోలింగు రోజున ముసలివాళ్ల చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లేదీ ఆవిడే. ఎన్నికలైపోయాక టీ గ్లాసులు కడిగి బోర్లించేదీ ఆవిడే. ప్రతిసారీ కార్పొరేటరు టిక్కెట్టు మాత్రం ఇంకెవరికో పోయేది. "ఈసారికి సర్దుకో అమ్మా" అనేవాడు పార్టీ అధ్యక్షుడు. పిన్ని సర్దుకునేది. కుట్టుపని చేసేవాళ్లకి సర్దడం అలవాటే కదా.

మొగుడూ పెళ్లాల మధ్య రాజకీయం గొడవగా ఎప్పుడూ రాలేదు.

"ఇంతకీ మీది ఏ పార్టీ అండీ?" అని పిన్ని అన్నం వడ్డిస్తూ అడిగేది.

"కుర్చీల పార్టీ. ఎవరు గెలిచినా అధికారం మాదే."

"చాల్లెండి. ఓటు వేసేటప్పుడు కూడా నిలబడే వేస్తారు మీరు."

ఈసారి ఎన్నికలకి టిక్కెట్టు రేసులో ఇద్దరు మిగిలారు. ఒకరు పిన్ని. రెండోవాడు కంట్రాక్టరు. అతను పార్టీలో చేరి ఏడాది తిరగలేదు గానీ, అతని కారు మీద జెండా మాత్రం కారుకంటే పెద్దది. ఎవరికివ్వాలో తేల్చుకోలేక పై నుంచి ఒక పరిశీలకుణ్ణి పంపిస్తున్నారనీ, ఇద్దరూ ఒకే మైదానంలో వారం తేడాతో సభలు పెట్టుకోవాలనీ, ఎవరి సభ బాగుంటే వాళ్లకే టిక్కెట్టనీ అధ్యక్షుడు వచ్చి చెప్పి వెళ్లాడు.

ఆ రోజు పిన్ని నోట్లోంచి సూదులు తీసి డబ్బాలో వేసింది. అలా తీసిందంటే విషయం పెద్దదని బాబాయికి తెలుసు.

"ఇంకో అయిదేళ్లు పోతే నా కళ్లకి సూది బెజ్జం కూడా కనపడదండీ. ఈసారి కాకపోతే ఇంక లేదు" అంది.

"వస్తుందిలే."

"రావాలి. బస్టాపులో ఒక బల్ల వెయ్యమని ఎన్నేళ్లుగా తిరుగుతున్నాను! ప్రతి ఆఫీసులోనూ కూర్చోమని చెప్పి కుర్చీ వేస్తారు, బల్ల మాత్రం వెయ్యరు. ఇంక అడగడం కాదు, నేనే వేయించాలి."

బాబాయి లేచాడు. షెడ్డులోకి వెళ్లి కారణం లేకుండా కుర్చీలు సర్దాడు.

మొదట కంట్రాక్టరు సభ. దానికి కుర్చీలు వేసింది బాబాయే. వ్యాపారం వ్యాపారమే. కంట్రాక్టరు తన పనివాళ్లని లారీల్లో దింపాడు. వాళ్లు పని బట్టలతోనే వచ్చి, చెప్పిన చోట కూర్చుని, చెప్పినప్పుడు చప్పట్లు కొట్టారు. పరిశీలకుడు సన్నగా, కళ్లజోడుతో, ఎండిన బెండకాయలా ఉన్నాడు. వెనక నిలబడి ఒక వరసలో కుర్చీలు లెక్కపెట్టి, వరసలతో గుణించి, ఖాళీలు తీసేసి, తృప్తిగా తల ఊపాడు. మనుషుల్ని లెక్కపెట్టడం అతనికి రాదు, కుర్చీల్నే లెక్కపెడతాడని బాబాయి చూడగానే కనిపెట్టేశాడు.

సభ అయ్యాక కంట్రాక్టరు బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు.

"అదరగొట్టావు బాబాయ్. వచ్చేవారం పిన్నిగారికి కూడా మంచి కుర్చీలే వెయ్యి. ఖాళీగా ఉన్నా చూడటానికైనా బాగుండాలి కదా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. కానీ ఆ మాట చెప్పులో దూరిన రాయిలా ఇంటిదాకా గుచ్చుకుంటూనే వచ్చింది.

పిన్ని సభ ముందు రోజు భోజనాల దగ్గర అడిగింది. "ఎంతమంది వస్తారంటారు?"

ఎంతోమంది నాయకులు అడిగిన ప్రశ్న అది. ఎవరికైనా కన్నార్పకుండా జవాబు చెప్పేవాడు. ఆ రోజు మాత్రం మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"చాలామంది" అన్నాడు చివరికి.

"నాకైతే నాలుగు వరసలు చాలనిపిస్తోంది."

"నాలుగు వరసలా!" అని బాబాయి గయ్యిమన్నాడు. "వాడికి మైదానం నిండా వేశాను. నీకు నాలుగు వరసలా? కుర్చీల బాబాయి పెళ్లానికి కుర్చీలు లేవనుకుంటారు!"

"అనుకోనివ్వండి. మీరే కదా అంటారు, తక్కువ వెయ్యాలని."

"అది ఊళ్లోవాళ్ల సంగతి."

మర్నాడు పిన్ని యూనిఫారాలు ఇచ్చి రావడానికి స్కూలుకి వెళ్లింది. ఆ సందు చూసుకుని బాబాయి షెడ్డు తలుపులు బార్లా తీశాడు. ఒక్కొక్క కుర్చీనీ సబ్బు పెట్టి కడిగాడు. విరిగిన చేతుల్ని తీగతో కట్టాడు. వ్యాను డ్రైవరు మోసీ మోసీ నడుం పట్టుకున్నాడు. అతని వ్యానుకి హారను తప్ప మిగతావేవీ సరిగ్గా పనిచేయవు.

"బాబాయ్, సగం చాలదూ? మిగతావి వ్యానులో దాచి తర్వాత కేక వేద్దాం. ఎప్పుడూ చేసేదే కదా?"

"దించు."

"మొత్తమా?"

"షెడ్డులో ఒక్కటి మిగిలినా నీకు టీ లేదు."

సాయంత్రానికి మైదానం ఈ గోడ నుంచి ఆ గోడకి తెల్లబడింది. ఆకాశంలోంచి చూసేవాళ్లకి అక్కడ మంచు కురిసిందనిపించేది. ఆ దారిన పోతున్న కొంగల గుంపు ఒకటి తమవాళ్లేమోనని కిందికి దిగి, చూసి, సిగ్గుపడి లేచిపోయిందని డ్రైవరు ఈనాటికీ చెబుతాడు. ముప్ఫై ఏళ్ల అనుభవం, తక్కువ వెయ్యాలన్న సూత్రం, అన్నీ ఆ ఒక్క పూట బాబాయి బుర్రలోంచి ఆవిరైపోయాయి. ఆయనకి కనపడుతున్నది ఒక్కటే. ఆ కుర్చీల చివర వేదిక మీద ఆవిడ.

పిన్ని మెడలో కొలతల టేపుతోనే స్కూలు నుంచి నేరుగా వచ్చింది. గేటు దగ్గర ఆగిపోయింది.

"ఏమండీ... ఇవన్నీ ఎవరికి?"

"నీకే."

"నేనొక్కదాన్నే కదండీ!"

సభ మొదలయ్యే వేళకి పార్టీ ఆడవాళ్లు కొందరు, అధ్యక్షుడు, మైకువాడు, తప్పిపోయి వచ్చిన ఒక కుక్క చేరారు. పరిశీలకుడు వెనక తన చోటికి వెళ్లి కళ్లజోడు సర్దుకున్నాడు. జనం లేక కాదు. మేడల మీద జనం ఉన్నారు. గేట్ల దగ్గర ఉన్నారు. టీకొట్టు దగ్గరైతే వేలాడుతున్నారు. కానీ ఎవరూ లోపలికి రావడం లేదు. నాలుగు వరసలుంటే వచ్చి ఇరుక్కునేవారు. అంత తెల్లటి ఖాళీలోకి ఒంటరిగా నడిచివెళ్లి కూర్చోవాలంటే ఎవరికైనా మొహమాటమే. కాలనీ మొత్తం తననే చూస్తుందన్న భయంతో ప్రతివాడూ పక్కవాడు ముందు వెళ్తాడేమోనని చూస్తున్నాడు.

బాబాయికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లలో ఎంత చేతగాని నాయకుడికీ చెయ్యని పొరపాటు కట్టుకున్న పెళ్లానికి చేశాడు. ఇప్పుడు కుర్చీలు తీసేద్దామంటే పరిశీలకుడి కళ్ల ముందే తీయాలి. అంతకంటే అవమానం లేదు. వేదిక మీద పిన్ని మైకు ముందు నిలబడింది. పెదాలు బిగించి ఉన్నాయి. నోట్లో సూదులు లేవు, అయినా ఉన్నట్టే బిగించింది. మాట రావడం లేదు.

రోడ్డు మీద కంట్రాక్టరు కారు నెమ్మదిగా వచ్చి ఆగింది. అద్దం దిగింది.

బాబాయి స్తంభాన్ని వదిలాడు. ఆ తెల్లటి వరసల మధ్య నుంచి ఒక్కడే నడుచుకుంటూ వెళ్లాడు. మొదటి వరసలో, సరిగ్గా వేదికకి ఎదురుగా ఉన్న కుర్చీ దగ్గర ఆగాడు. చొక్కా సర్దుకున్నాడు. కూర్చున్నాడు.

'ఒక్కటైనా నిండింది' అనుకున్నాడు. ఆ వెంటనే, 'ఇంత ఇబ్బందిగా ఉన్న కుర్చీల్లోనా ఇన్నేళ్లూ జనాన్ని కూర్చోబెట్టాను!' అనుకున్నాడు. రేపటి నుంచి రెండో పార్టీవాళ్లు పక్క పేటకి పోతారు. పోనీ.

ముందు చూసింది టీకొట్టువాడు. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని అరిచాడు.

"ఒరేయ్, బాబాయి కూర్చున్నాడ్రోయ్!"

ఆ కేక ఒక వీధిలోంచి ఇంకో వీధిలోకి పాకింది. గడ్డం గీయించుకుంటున్నవాడు సగం నురుగుతో బయటికొచ్చాడు. ఇద్దరు కుర్రాళ్లు నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చారు.

"బాబాయ్! ఛాతీలో నొప్పా? చెయ్యి లాగుతోందా?"

"నొప్పీ లేదు గిప్పీ లేదు."

"మరెందుకు కూర్చున్నావ్?"

"మా ఆవిడ మాట్లాడుతోంది. వినడానికి."

కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు వెళ్లలేక పక్కన కూర్చున్నారు. వాళ్ల వెనక నురుగు మొహం పెద్దమనిషి. ఆయన వెనక టీకొట్టు మొత్తం. బాబాయి చుట్టూ ఒక చిన్న గుంపు తయారైంది. అంత పెద్ద తెల్ల మైదానంలో అది చొక్కా మీద సిరా మరకంతే ఉంది గానీ, ఉంది.

అప్పుడు మైదానం గోడ అవతలి నుంచి ఒక గొంతు వినిపించింది. మేడమీద మామ్మది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మెట్లు దిగి చాలా కాలమైంది. ఆ రోజు గోడ పట్టుకుని ఎలాగో దిగి తన ఇంటి గేటు దాకా వచ్చింది.

"ఏమే మిషనూ! మీ ఆయన కూర్చున్నాడటగా! నాకు కనపడి చావట్లేదు. అక్కడిదాకా నడవలేనే!"

పిన్ని మైకు వదిలేసింది. "ఉండండి మామ్మగారూ, వస్తున్నా" అంటూ వేదిక దిగింది. వరస చివరి కుర్చీ ఒకటి చంకన పెట్టుకుంది. గేటు దాటి, రోడ్డు దాటి, మామ్మ గుమ్మం ముందు వేసింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"హమ్మయ్య" అంది మామ్మ. "ఏడీ ఆ మానవుడు?"

బాబాయి తన కుర్చీ తనే ఎత్తుకుని పరుగున వెళ్లి మామ్మ పక్కన వేసుకుని, ఆవిడ చూడటానికి మళ్లీ కూర్చున్నాడు. మామ్మ కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని మరీ చూసింది.

"బాగానే కూర్చున్నాడే! నేర్పించావా?"

వీధి గొల్లుమంది. పిన్ని కూడా నవ్వింది. నవ్వుకి ఆ బిగించిన పెదాలు విడిపోయాయి. విడిపోగానే మాట వచ్చింది.

"మామ్మగారూ, మీరు బస్సెక్కి ఎన్నాళ్లయింది?"

"బస్సా! ఆ బస్టాపులో నిలబడే ఓపికుంటే బస్సెందుకే, నడిచే పోదును."

"అదే నేననేది!" అంది పిన్ని. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు, రోజంతా మిషను చప్పుడు మీద మాట్లాడిన గొంతు అది. ఎదురింటి గుమ్మంలోంచి ఒకావిడ, "పిన్నీ, మాకూ ఒక కుర్చీ పంపవూ, అమ్మ కూడా వింటుందట" అంది. పక్కింటివాళ్లు రెండడిగారు. డ్రైవరు వ్యాను హారను మోగించి, "అదేదో మీరే వచ్చి పట్టుకెళ్లండర్రా, నా నడుం పోయింది!" అని కేకేశాడు. దాంతో పరిగెత్తడం మొదలైంది. కూర్చోవడానికి మొహమాటపడ్డవాళ్లకి కుర్చీ పట్టుకెళ్లడానికి ఏ మొహమాటమూ లేదు. తలల మీద, భుజాల మీద, సైకిళ్ల మీద తెల్ల కుర్చీలు వీధుల్లోకి నడిచిపోయాయి. ప్రతి గేటు ముందూ రెండు, మూడు. ఎవరి గుమ్మం ముందు వాళ్లు రాజుల్లా కూర్చున్నారు. పిన్ని వీధి మధ్య నడుస్తూ మాట్లాడింది. ఉపన్యాసం కాదది. ఒకరి పంటి నొప్పి అడిగింది, ఇంకొకరి పాప కొలత పెరిగిందని చెప్పింది, మధ్యలో బస్టాపు బల్ల గురించీ, మలుపు దగ్గర ఆరిపోయిన దీపాల గురించీ చెప్పింది.

"గెలిచాక కనపడతావా పిన్నీ?" అని ఒక ఉద్యోగస్థుడు గేటు మీంచి అడిగాడు.

"నీ ప్యాంటు ఇంకా నా దగ్గరే ఉందిరా అబ్బాయ్. నేను కనపడకపోతే నువ్వు ఆఫీసుకి ఎలా వెళ్తావ్?"

ఆ వీధి నవ్వు పక్క వీధికి వినిపించి, వాళ్లు ముందుగానే కుర్చీలు వేసుకుని ఎదురుచూశారు.

పరిశీలకుడికి ఏమీ పాలుపోలేదు. మైదానంలో మనుషులు లేరు, సరే. కుర్చీలు కూడా లేవు. ఏ వరసని దేనితో గుణించాలి? చివరికి బాబాయిని వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏమండీ, ఎంతమంది వచ్చారంటారు?"

ఎంతైనా చెప్పొచ్చు. ఆ విద్యలో బాబాయిని మించినవాడు లేడు. కానీ ఆ పూటకి ఒక పొరపాటు చాలనిపించింది.

"ఎవరూ రాలేదండీ" అన్నాడు. "ఆవిడే వెళ్లింది."

పరిశీలకుడు ఆ మాట నములుతూ నిలబడ్డాడు. మేడమీద మామ్మ అతని చొక్కా కొస పట్టుకుని లాగింది.

"ఎవరబ్బాయివి నాయనా నువ్వు? ఇందాకటి నుంచీ నిలబడే ఉన్నట్టున్నావు. కూర్చో. ఏ పార్టీ?"

అతను కూర్చున్నాడు. ఏ పార్టీయో చెప్పేలోపే మామ్మ తన మోకాళ్ల సంగతి మొదలుపెట్టింది. వీధి దీపాలు వెలిగేదాకా లేవనివ్వలేదు.

మర్నాడు బాబాయీ డ్రైవరూ కుర్చీలు పోగు చేసుకోవడానికి బయల్దేరారు. ప్రతి గేటు దగ్గరా తుడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఉంచారు. రెండో వీధి మలుపులో పార్టీ అధ్యక్షుడు స్కూటరు ఆపాడు.

"బాబాయ్, పిన్నికి చెప్పు. టిక్కెట్టు ఆవిడకే. పరిశీలకుడు పొద్దున్నే ఫోను చేశాడు. లెక్క తేలలేదు గానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్ల ఓట్లన్నీ ఖాయమన్నాడు."

బాబాయి వ్యానెక్కి హారను మీద చెయ్యి వేసి ఇంటిదాకా తియ్యలేదు. పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టింది. ఆయన మొహం చూసి, ఏమైందని అడగలేదు. కాసేపు కొలతల టేపుని వేళ్ల చుట్టూ చుట్టుకుంటూ నిలబడింది. తర్వాత, "ముందు ఆ హారను ఆపండి, పసిపిల్లలు నిద్రపోతుంటారు" అంది.

కుర్చీలన్నీ షెడ్డులో చేరాయి. ఒక్కటి తగ్గింది. మధ్యాహ్నం అది బస్టాపులో కనపడింది. అందులో ఒక ముసలాయన సంచీ ఒళ్లో పెట్టుకుని దర్జాగా బస్సు కోసం చూస్తున్నాడు. బాబాయి అటు చూడనట్టే వెళ్లిపోయాడు.

కంట్రాక్టరు మాత్రం ఊరుకోలేదు. ఆ వారంలోనే అవతలి పార్టీలో చేరి, టిక్కెట్టు తెచ్చుకుని బాబాయి గుమ్మం ఎక్కాడు.

"బాబాయ్, నాకూ అలాగే వెయ్యాలి. షెడ్డులో ఎన్నుంటే అన్నీ."

"వద్దు బాబూ. సగం చాలు. నా మాట విను."

"ఏం, నీ పెళ్లానికైతే అన్నీ, నాకైతే సగమా? ఆ రోజు మొదటి వరసలో కూర్చున్నావుగా, ఇక నువ్వు వాళ్ల మనిషివే!"

బాబాయి వెళ్లి షెడ్డు తలుపులు తీశాడు. మైదానం మళ్లీ ఈ గోడ నుంచి ఆ గోడకి తెల్లబడింది. తను వెళ్లి స్తంభానికి ఆనుకున్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి పిన్ని నోట్లో సూదులతో ఒక నిక్కరుకి అంచు కుడుతోంది. మిషను ఆపకుండానే అడిగింది.

"ఎలా అయింది? జనం వచ్చారా?"

"రాకేం. కాలనీ కాలనీ అంతా వచ్చింది."

మిషను ఆగింది.

"అందరూ వచ్చి తలో కుర్చీ పట్టుకుని వెళ్లిపోయారు. ఎవరి గేటు ముందు వాళ్లు వేసుకుని కూర్చుని, వీధిలోకి ఎప్పుడొస్తాడా అని ఎదురుచూశారు. అతను వేదిక దిగలేదు. వీళ్లు గేటు దాటలేదు. చీకటి పడేదాకా మైకులో పిలుస్తూనే ఉన్నాడు."

పిన్ని ఫక్కున నవ్వింది. నాలుగు సూదులూ నాలుగు దిక్కులకి ఎగిరిపడ్డాయి. "అయ్యో, కాళ్లకి గుచ్చుకుంటాయి, కదలకండి!" అంటూ వంగింది. బాబాయి కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించుకుని, ఆవిడ పక్కనే నేల మీద మఠం వేసుకుని కూర్చుని సూదులు వెతకడం మొదలుపెట్టాడు.